పెరటి టర్కీలు – నాలుగో పాఠం: గుడ్డు మొదలు మేత ముట్టే దాకా

గత పాఠంలో ఒక పుంజు, నాలుగైదు పెట్టలతో మందను కుదుర్చుకున్నాం. ఇప్పుడవి గుడ్లకు వచ్చాయనుకుందాం. టర్కీ పెట్ట సుమారు 30 వారాల వయసులో మొదటి గుడ్డు పెడుతుంది. పగలు పెరిగే కాలం దానికి గుడ్ల కాలం కనుక సంక్రాంతి దాటాక పెట్టలు గడ్డివాము చాటునో, అరటి బోదెల మధ్యనో చోటు వెతుక్కోవడం కనిపిస్తుంది. గుడ్డు 80 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. దాని మీద గోధుమరంగు చుక్కలుంటాయి, ఒక కొస బాగా సన్నగా ఉంటుంది.

పుంజు విషయం ముందు ముగిద్దాం. నాటు రకాలను ఎంచుకోమని మొదటి పాఠంలో చెప్పడానికి అసలు కారణం ఇక్కడే తెలుస్తుంది. మాంసం కోసం రొమ్ము వెడల్పు పెంచిన రకాల్లో పుంజు పెట్ట మీద నిలవలేదు, కృత్రిమ గర్భధారణ తప్పదు. నాటు పుంజుకు మన సాయం అక్కరలేదు. తోక విసనకర్రలా విప్పి తిరుగుతుంటే దాని తల కాసేపు ఎర్రగా, కాసేపు నీలంగా, కాసేపు తెల్లగా మారుతుంది. 1612లో గోవా నుంచి తెప్పించిన టర్కీని చూసి జహంగీర్ చక్రవర్తి దీన్నే ఊసరవెల్లితో పోల్చి రాసుకున్నాడు, తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ కూడా గీయించాడు. మనం చేయవలసింది మాత్రం పుంజు గోళ్ల కొనలు కత్తిరించడం, లేకపోతే పెట్టల వీపులు చీరుకుపోతాయి. ఇంకో సంగతి: ఒకసారి కలిశాక పుంజు బీజం పెట్ట శరీరంలో పది వారాల దాకా నిలవ ఉండగలదు. మీరు రంగు కోసమో రకం కోసమో పుంజును మారిస్తే, ఆ తర్వాత కొంతకాలం పుట్టే పిల్లలు పాత పుంజువి కావచ్చు. రకం నిలబెట్టాలనుకునేవారు ఈ లెక్క మరవకూడదు.

టర్కీ గుడ్డు పొదగడానికి 28 రోజులు పడుతుంది, కోడిగుడ్డు కంటే వారం ఎక్కువ. ఆ 28 రోజుల్లో మీ పని చాలా తక్కువ. గుడ్డు పెట్టిననాటి నుంచి పొదుగుకు వేసేదాకా ఉన్న వారం, పిల్ల బయటికి వచ్చాక పది రోజులు, ఇవి రెండే మీవి. నష్టాల్లో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లే జరుగుతుంది.

మొదటిది, గుడ్డు నిలవ. సుమారు 21 డిగ్రీలు దాటితే గుడ్డులోని జీవం కొద్దికొద్దిగా కదలడం మొదలుపెడుతుంది. అది పెరగనూ లేక, ఆగనూ లేక నీరసించి చస్తుంది. 13 నుంచి 15 డిగ్రీలు మంచిది అంటారు. మార్చి నెల గుంటూరులో అది గది లోపల ఎక్కడా దొరకదు, ఫ్రిజ్‌లోని చలి మరీ ఎక్కువ. అందుకని రెండు పనులు చేయాలి. గూటిలో గుడ్డును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదలకుండా మూడు నాలుగు సార్లు వెళ్లి తీయాలి. ఎండ తగలని మూల తడి ఇసుకలో కుండను సగం దాకా పూడ్చి, లోపల ఊక పోసి, గుడ్డు సన్నని కొస కిందికి ఉండేలా నిలబెట్టి, పైన తడి గోనె కప్పాలి. చలికాలంలో వారం ఆగినా ఫరవాలేదు కాని, ఎండలు ముదిరాక నాలుగైదు రోజులకు మించి దాచకండి. మట్టి అంటిన గుడ్లను కడగకూడదు, పొడి గుడ్డతో తుడవండి. పగుళ్లున్నవి, మరీ గుండ్రటివి వంటింటికి పంపండి.

ఎవరి కింద పొదిగించాలి? టర్కీ పెట్టే మేలు. 12 నుంచి 15 గుడ్ల దాకా కప్పగలదు. నేల మీదే వరిగడ్డి పరిచి, గుడ్లు దొర్లిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చి కూర్చోబెట్టండి. ముంగిసకు, ఊరకుక్కకు దారి లేకుండా చూడండి. కొన్ని పెట్టలు మేతకు కూడా లేవవు. అలాంటిదాన్ని రోజుకోసారి ఎత్తి మేత, నీళ్ల దగ్గర దించాలి.

నాటుకోడి కింద వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పొదుగుతుంది, పిల్లలూ వస్తాయి. అయినా నేను వద్దంటాను. కోడి పేగులో ఉండే ఒక చిన్న పురుగు గుడ్లలో హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి దాక్కుంటుంది. కోడికి దానితో పెద్ద బాధ లేదు. అదే టర్కీకి సోకితే కాలేయం చెడి, రెట్ట గంధకం రంగులో పసుపుపచ్చగా పడి, చూస్తుండగానే మంద పోతుంది. ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కాబట్టి కోడితో పెంచడమే కాదు, నిన్నటిదాకా కోళ్లు తిరిగిన పెరట్లో టర్కీ పిల్లల్ని వదలడం కూడా ప్రమాదమే.

ఇంక్యుబేటర్ ఉన్నవారికి నాలుగు మాటలు చాలు. వేడి 37.5 డిగ్రీలు ఉండాలి. తేమ 25వ రోజు దాకా 55 నుంచి 60 శాతం, ఆ తర్వాత గుడ్లు తిప్పడం ఆపి 70 దాకా పెంచాలి. పదో రోజు చీకటిగదిలో టార్చి వెలుగుకు పట్టి చూస్తే ఎర్రటి నరాలు కనబడాలి, కనబడనివి తీసేయండి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోండి.

ఇక పిల్లలు. కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చిన పూటే గింజ ఏరుకుంటుంది. టర్కీపిల్లకు చూపు మందం, బెదురు ఎక్కువ. మేత కాళ్ల దగ్గర ఉన్నా గుర్తుపట్టక ఆకలితో చనిపోతుంది. పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు నడిపిస్తుంది, అది అయిపోయేలోగా తినడం నేర్పాలి. ప్రతి పిల్ల ముక్కునూ ఒకసారి నీళ్లలో, ఒకసారి మేతలో ముంచండి. మేత తట్టలో, నీటి పళ్లెంలో రంగు గోళీలు వేయండి. మెరిసేదాన్ని పొడవబోయి మేత రుచి చూస్తాయి. గోళీలతో ఇంకో లాభం, పిల్ల నీళ్లలో పడి మునగదు. ఉడికించిన గుడ్డును చిదిమి పది పిల్లలకు ఒకటి చొప్పున, లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, రెండు వారాలు ఇవ్వండి. తట్టలోని పాలనీళ్లు పులిసేలోపు మార్చాలి. సన్నగా తరిగిన ఆకుకూర చల్లితే ఇష్టంగా తింటాయి. కింద ఊక పోస్తే దాన్నే మేతనుకుని మింగుతాయి, మొదటి వారం పైన జారని ముతక కాగితం పరవండి.

మొదటి వారం బ్రూడర్ (పిల్లలకు బల్బుతో వేడినిచ్చే ఏర్పాటు) కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించాలి. ఇది పుస్తకంలో మాట. విజయవాడలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడు బల్బు ఆర్పేసి, రేకుల మీద తాటాకు వేసి, గాలి ఆడనివ్వండి. రాత్రి మళ్లీ బల్బు కావాలి. పిల్లలు కుప్పగా పడితే చలి, రెక్కలు వాల్చి ముక్కు తెరిచి దూరదూరంగా నిలబడితే ఉక్క. వేడి కొలిచే మీటరు కంటే పిల్లల్ని చూసి నడచుకోవడమే నయం.

మేత సంగతి ఆఖరుకు ఉంచాను, నిదానంగా చెప్పాలని. మొదటి నాలుగు వారాలు మేతలో 28 శాతం మాంసకృత్తులు కావాలి. టర్కీ మేత దొరకక చాలామంది బ్రాయిలర్ ప్రీస్టార్టర్, అంటే మాంసపు కోడిపిల్లల తొలి మేత, తెస్తారు. దాంట్లో 22, 23 శాతమే ఉంటుంది, ఉడికించిన గుడ్డుతో కొంత సర్దుకోవచ్చు. కానీ కొనే ముందు బస్తా మీది చీటీ చదవండి. సాలినోమైసిన్ లేదా నారాసిన్ అని ఉంటే ఆ బస్తా వద్దు. రక్తపారుడు రాకుండా కోళ్ల మేతలో కలిపే ఈ మందులు టర్కీలకు విషం, కాళ్లు పడిపోయి చనిపోతాయి. చీటీ లేకపోతే దుకాణదారు మాట మీద తీసుకోవద్దు.

ఇంట్లో మేత కలుపుకునేవారికి ఇంకో హెచ్చరిక. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వెతకగా వెతకగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క బయటపడింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాంట్లో వదిలిన విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ బూజు మన గోదాముల్లోనూ ఉంది. తెనాలి, దుగ్గిరాల వైపు వరి తర్వాత వేసే మొక్కజొన్న మంచి మేతే. పచ్చి తేమ ఆరకుండా బస్తాకెత్తినది మాత్రం కొనకండి. గింజ పంటి కింద పటుక్కుమనాలి. వేరుశెనగ చెక్క తాజాదైతేనే, అదీ ఎదిగిన పక్షులకే వేయండి. పిల్లలకు సోయా చెక్క వాడండి. బూజు పట్టిన భాగం తీసేసి మిగతాది వేద్దామనుకోవద్దు, విషం కంటికి కనబడదు, ఉడికించినా పోదు.

టీకాల వరుస వచ్చే పాఠంలో. ఈలోగా ఒక నోటుపుస్తకం తీసుకుని ఏ పెట్ట గుడ్డు, ఏ తేదీన తీశారు, ఏ తేదీన పొదుగుకు వేశారు, ఎన్ని పిల్లలయ్యాయి అని రాయడం మొదలుపెట్టండి. తేదీని గుడ్డు మీద కూడా పెన్సిలుతో వేయండి. మేత బస్తా ఇంటికి వచ్చాకే గుడ్లను పొదుగుకు వేయండి.