విలేకరి కావాలనుకునేవారు డిగ్రీలో ఏమి చదవాలి?

చెన్నైలోని తెలుగు ఇళ్లలో ప్లస్ టూ ముగించిన పిల్లలు విలేకరులమవుతామంటే, పెద్దలు ముందుగా ఆరా తీసేది జర్నలిజం డిగ్రీ ఏ కాలేజీలో ఉందనే. నా సలహా వేరు. మూడేళ్లూ ఒక విషయాన్ని లోతుగా చదివి, వార్త రాయడం ఆ తరువాత నేర్చుకోండి.

పేరున్న విలేకరుల చదువులు చూస్తే ఇదే కనిపిస్తుంది. ఈ నగరంలోనే పుట్టిన పాలగుమ్మి సాయినాథ్ లయోలా కళాశాల తరువాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివారు. ‘ది హిందూ’ సంపాదకులుగా పనిచేసిన ఎన్. రామ్ ప్రెసిడెన్సీ కళాశాలలో చరిత్ర ఎం.ఏ. చేశాకే కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివారు. రాజ్‌దీప్ సర్దేశాయ్‌ది ఆర్థికశాస్త్రం, ఆపై న్యాయశాస్త్రం. (చరిత్రతో ఉద్యోగాలు రావనే మామయ్యలకు ఈ పేర్లు చెప్పవచ్చు.)

ఏ విషయమైతే మంచిదన్నది, ఏ కాగితాలను మీరు విసుగు లేకుండా చదవగలరన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి చెన్నైకి కృష్ణా నీటిని తెచ్చే తెలుగుగంగ పథకాన్నే తీసుకోండి. 1983 నాటి ఒప్పందం ప్రకారం చెన్నైకి కేటాయించిన కృష్ణా జలాలు 15 టీఎంసీలు. దారిలో ఆవిరయ్యేది పోను సరిహద్దు దగ్గర అందవలసినవి 12. అక్కడి కండలేరు జలాశయం నుంచి వదిలిన నీటికీ ఇక్కడి పూండి జలాశయానికి చేరిన నీటికీ తేడా ఎందుకు వచ్చిందో అడగాలంటే లెక్కలు తెలియాలి, ఒప్పందంలోని షరతును న్యాయవాదిలా చదవగలగాలి, కాలువ వెంట రైతుతో తెలుగులోనూ ఇక్కడి ఇంజనీరుతో తమిళంలోనూ మాట్లాడగలగాలి. ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, భూగోళం, ఏదైనా ఇక్కడ అక్కరకు వస్తుంది. వార్తకు శీర్షిక పెట్టడం ఒక్కటే వస్తే సరిపోదు.

అందుచేత తమిళం మాట్లాడటంతో ఆగక, ప్రభుత్వ ఉత్తర్వు చదవగలిగేంతవరకు నేర్చుకోండి. డిగ్రీ రోజుల్లోనే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లి, ఒకే సంఘటనను వేర్వేరు పత్రికలు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి చూడండి.

వృత్తి మెలకువలకు ఏడాది డిప్లొమా చాలు. 1994లో బెంగళూరులో మొదలై 2000లో చెన్నైకి తరలివచ్చిన ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో అలాంటి పీజీ డిప్లొమా ఉంది. ఫీజు, ఉపకారవేతనాల వివరాలు డిగ్రీ చివరి సంవత్సరం మొదట్లోనే కనుక్కోండి. దరఖాస్తుతో చూపడానికి మీరు స్వయంగా తిరిగి రాసిన రెండు మూడు వార్తాకథనాలు అప్పటికి సిద్ధంగా ఉంచుకోండి.