సీఆర్ఆర్ నంబర్ రాకముందే సెషన్లు మొదలుపెట్టకండి

సీఆర్ఆర్‌లో, అంటే కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో, పేరు లేనివాళ్లు పిల్లలకు స్పీచ్ థెరపీ ఇస్తున్నారని మళ్లీ ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. ఈసారి ఇరుక్కున్నది దొంగ సర్టిఫికెట్ల వాళ్లు కాదు, మాట, వినికిడి సమస్యల డిగ్రీ బీఏఎస్ఎల్‌పీ నిజంగానే పాసైన ఒక అమ్మాయి. ఇంటర్న్‌షిప్ ముగించి బయటికొస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఒరిజినల్స్ జాగ్రత్త లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నా.

అప్లై చేయడం వేరు, రిజిస్టర్ కావడం వేరు. ఆర్సీఐ (భారత పునరావాస మండలి) పోర్టల్‌లో ఫీజు కట్టి, రసీదు ప్రింట్ తీసుకుని పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. 1992 నాటి ఆర్సీఐ చట్టం 13వ సెక్షన్ చదవండి. కేంద్ర రిజిస్టర్‌లో పేరెక్కినవాళ్లకే ప్రాక్టీస్ చేసే హక్కు, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే హక్కు. మీరితే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యేగా అని నవ్వేవాళ్లను చూశాను. దానికి ముందున్న జైలు మాట వాళ్ల కంటికి ఆనదు.

సెంటర్ ఓనర్లు అనేది ఒకటే: "నంబర్ వచ్చేలోపు మా సీనియర్ సార్ పేరు మీద చూసెయ్యమ్మా." ఆ సారు నెలకోసారి వస్తారు. రిపోర్టు మీద ఆయన సంతకం, బిడ్డను చూసింది మీరు. రేపు తల్లిదండ్రులు నిలదీస్తే ఆయన నాకేం తెలియదంటారు. సెషన్ షీట్ల నిండా ఉన్నది మీ చేతిరాత. ఓనర్ తొందరపెడితే ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపమనండి. పంపరు.

ఇంకొన్ని:

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో పూర్తిగా ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. ముందే సరిచేయించుకోండి.

మీ కాలేజీకి మీ బ్యాచ్ సంవత్సరానికి ఆర్సీఐ గుర్తింపు ఉందో లేదో చూడండి. పక్క బ్యాచ్‌కు ఉంటే మీకు ఒరిగేదేం లేదు.

పీహెచ్‌డీ లేకుండా పేరు ముందు డాక్టర్ పెట్టకండి.

మీ నంబర్ ఎవరికీ అరువివ్వకండి. ఎవరిదీ అడగకండి.

డిప్లొమాతో బోర్డు మీద ఆడియాలజిస్ట్ అని రాయించకండి.

సర్టిఫికెట్ మీద చెల్లుబాటు తేదీ ఉంటుంది. అది దాటకముందే రెన్యువల్. సీఆర్ఈ (డిగ్రీ తర్వాత కూడా కొనసాగించాల్సిన శిక్షణల) పాయింట్లు ఆఖరి నెలలో పోగుచేద్దామనుకోవద్దు.

అమెరికా వెళ్తున్నారా? అక్కడ సీఆర్ఆర్ చెల్లదు. పనిచేసే రాష్ట్రం లైసెన్స్ కావాలి, చాలా రాష్ట్రాల్లో పీజీ తర్వాత పర్యవేక్షణలో చేసే క్లినికల్ ఫెలోషిప్‌కు కూడా తాత్కాలిక లైసెన్స్ ఉండాలి. అక్కడా అదే మాట: అప్లై చేశాం కదా అని ఒక్క సెషన్ కూడా వద్దు.