నాలుక కింద రాయి ఉంటే ఏం చేయాలి
అన్నం ముందు కూర్చోగానే దవడ కింద ఉబ్బి, సలిపి, తిన్న గంటా రెండు గంటలకి తగ్గిపోతోందా? లాలాజల నాళంలో రాయి ఉండొచ్చు, ఇలాంటి రాళ్లలో దాదాపు 80 శాతం దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. అద్దంలో నాలుక పైకెత్తి చూస్తే ఒక్కోసారి పసుపుపచ్చ చుక్క కనిపిస్తుంది. సూదితో మాత్రం దయచేసి పొడవకండి. నీళ్లు బాగా తాగండి, నిమ్మబద్ద చప్పరించండి, కాపడం పెట్టి దవడ కింద వెనక నుంచి గడ్డం వైపుకి మెల్లగా ఒత్తండి. తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. స్కాన్ తీసి, రాయి ముందువైపే ఉంటే మత్తు సూది ఇచ్చి చిన్న గాటుతో తీసేస్తారు, లోపలుంటే సన్నటి ఎండోస్కోప్‌తో ప్రయత్నిస్తారు, గ్రంథి తీసేయడం ఆఖరి మార్గం. జ్వరం, చీము ఉన్నా, మింగలేకపోతున్నా, ఊపిరాడకపోయినా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.