వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ సరిపోయినా డాష్‌బోర్డు (సైటును నడిపే లోపలి పేజీ) రాకపోతే

సమస్య: లాగిన్ అవుతుంది. కానీ ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదంటూ డాష్‌బోర్డు తిప్పి పంపేస్తుంది.

ఇబ్బంది ఒక్కరికే అయితే యూజర్ల జాబితా తెరిచి, ఆ పేరుకు ఎదురుగా ఏ రోల్ (ఎవరు ఏమేం చేయవచ్చో నిర్ణయించే హోదా) ఉందో చదవండి. దయచేసి ఇది చూశాకే మిగతావి ముట్టుకోండి. కంట్రిబ్యూటర్ ఫొటోలు ఎక్కించలేరు, ఆథర్ ఇతరుల వ్యాసాలు దిద్దలేరు, ఎడిటర్ ప్లగిన్లు (సైటుకు అదనపు పనులు చేర్చే ప్రోగ్రాములు) పెట్టలేరు. అది లోపం కాదు, ఆ రోల్‌కు ఉన్న హద్దు. ఇది గమనించకుండా అడిగినవారినల్లా అడ్మినిస్ట్రేటర్లను చేసేస్తున్నారు. వారిలో ఒక్కరి పాస్‌వర్డ్ బయటపడినా సైటంతా పరాయి చేతికి పోతుంది.

అడ్మినిస్ట్రేటర్‌కే అనుమతి లేదంటే? అదీ సైటును కొత్త హోస్టింగ్‌కు తరలించాకో, డేటాబేస్‌లోని టేబుళ్ల ప్రిఫిక్స్ (ప్రతి టేబుల్ పేరుకు ముందుండే ముక్క) మార్చాకో మొదలైతే, ముందు ప్రిఫిక్స్‌నే అనుమానించండి.

కారణం: ప్రిఫిక్స్ టేబుళ్ల పేర్లలోనే కాదు, కొన్ని టేబుళ్ల లోపలి వరుసల్లోనూ ఉంటుంది. ‘డబ్ల్యూపీ_’ని ‘సైట్7_’గా మార్చి, ఆ ప్రిఫిక్స్ రాసి ఉండే కాన్ఫిగ్ ఫైలు కూడా దిద్దారనుకుందాం. ఆప్షన్స్ టేబుల్లో రోల్స్ వివరమంతా ఇంకా ‘డబ్ల్యూపీ_యూజర్_రోల్స్’ పేరుతోనే ఉంటుంది. యూజర్ల వివరాలుండే యూజర్‌మెటా టేబుల్లో ఒక్కొక్కరి రోల్ ‘డబ్ల్యూపీ_కేపబిలిటీస్’ కిందే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఇప్పుడు వాటిని ‘సైట్7_’తో వెతుకుతుంది, దొరకవు. పాస్‌వర్డ్ ఉండే యూజర్స్ టేబుల్‌కు ఈ చిక్కు లేదు, అందుకే లాగిన్ అవుతుంది. చదవడానికి వచ్చేవారికి రోల్‌తో పనిలేదు, వారికి సైటు మామూలుగానే కనిపిస్తుంది. అంతా బాగానే ఉన్నట్టుండటంతో రోజులు గడిచినా అసలు చోటు ఎవరూ వెతకరు.

పరిష్కారం: ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి. డేటాబేస్‌ను బ్రౌజర్‌లో తెరిచి దిద్దే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఆప్షన్స్ టేబుల్ తెరిచి, యూజర్_రోల్స్ వరుస పేరులో పాత ప్రిఫిక్స్ తీసి కొత్తది పెట్టండి. చివరి అండర్‌స్కోర్ కూడా ప్రిఫిక్స్‌లో భాగమే, మరవకండి. యూజర్‌మెటాలో కేపబిలిటీస్, యూజర్_లెవెల్ వరుసలన్నిటికీ ఇలాగే చేయండి. మీ ఒక్కరి వరుస దిద్ది ఊరుకుంటే మిగతావారంతా ఏ రోల్ లేకుండా మిగిలిపోతారు. పక్కనున్న విలువ గడి జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ అడ్మినిస్ట్రేటర్ అనే ఇంగ్లిషు పదానికి ముందు దాని అక్షరాల లెక్క 13 అని ఉంటుంది. పదం మార్చి లెక్క వదిలేస్తే వర్డ్‌ప్రెస్ ఆ గడిని చదవలేదు, ఉన్న రోల్ కూడా పోతుంది.

ఆబ్జెక్ట్ క్యాష్ (డేటాబేస్ నుంచి తెచ్చినవాటిని తాత్కాలికంగా దాచే చోటు) వాడుతుంటే ఖాళీ చేయండి. అప్పటికీ డాష్‌బోర్డు రాకపోతే ప్లగిన్లన్నీ ఆగిపోయేలా వాటి ఫోల్డర్ పేరు మార్చి చూడండి, కానీ అంతవరకు రావడం చాలా అరుదు.