యాక్షన్ దృశ్యాన్ని చదవడం – 4వ పాఠం: రీవ్స్ ఈసన్, రథాల పందెం

1925 నాటి ‘బెన్-హర్’ సినిమాలోని రథాల పందేన్ని షాట్లుగా విడగొట్టి పంపమని పోయిన పాఠంలో అడిగాను. వచ్చిన జవాబులు చూశాక ఈసన్ సీరియళ్ల (థియేటర్లలో భాగాలు భాగాలుగా ఆడిన సినిమాల) సంగతి వెనక్కి జరపక తప్పలేదు.

ముందు పేరు సంగతి. సినిమా దర్శకుడు ఫ్రెడ్ నిబ్లో. కానీ పందెం నడిపించింది రెండో యూనిట్‌ను, అంటే యాక్షన్ దృశ్యాలను విడిగా తీసే బృందాన్ని, చూసుకున్న రీవ్స్ ఈసన్. ఆయన పని చాలావరకు ఇలా ఇంకొకరి పేరు కిందే ఉంటుంది.

‘42 కెమెరాలు పెట్టారు కాబట్టి బాగా వచ్చింది’ అని చాలామంది రాశారు. తెర మీద ఒకసారికి ఒక్క కెమెరా చూసిందే కనబడుతుంది. అంత జనాన్ని మాటిమాటికీ పోగుచేయలేరు కనుక అన్ని పెట్టారు, అంతే. ఈసన్ నమ్మిన సూత్రం వేరు: సైన్యం మొత్తం పరుగెత్తినా ప్రేక్షకుడు కదలడు, ఒక పిడికిలి ఒక ముఖానికి తగిలితే కదులుతాడు. చక్రం, డెక్కలు, బిగిసిన పగ్గాలు, నురగ కక్కే గుర్రం నోరు: మీ జాబితాలో ఇవి ఎన్ని ఉన్నాయి?

ఇక నాకు ఒళ్లు మండించిన తప్పు. ‘రథం ఎడమకు పోతున్నదల్లా కుడికి పోయింది, అంటే వెనక్కి తిరిగింది’ అట! కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో బాట గీయండి. గడియారం ముల్లుకు ఎదురుగా రథాన్ని తిప్పండి. బాట మధ్యలో నిలబడి బయటికి చూసే కెమెరాకు రథం ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే పోతుంది. అదే రథం ప్రేక్షకుల గ్యాలరీలోని కెమెరాకు, దగ్గరి వైపున ఎడమ నుంచి కుడికి పోతుంది. రథం తిరగలేదు, కెమెరా గీత దాటింది. గీత అంటే రథం పోయే దారి వెంట మనం ఊహించుకునేది; కెమెరా దాని అవతలి పక్కకు పోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ రెండు షాట్లనూ పక్కపక్కన అతికిస్తే ఒకే దిక్కుకు పోతున్న రథాలు ఢీకొనబోతున్నట్టు కనిపిస్తాయి. మధ్యలో రథం మన మీదికే వచ్చే షాట్ ఒకటి వేస్తే చిక్కు విడిపోతుంది, దానికి కుడి ఎడమలు ఉండవు కదా. వెస్టర్న్ సినిమాల్లో దొంగ, షెరీఫ్ ఇద్దరూ ఒకే వైపుకు పరుగెత్తితే తరుముతున్నట్టు. ఆదుకోవడానికి వచ్చే అశ్వదళాన్ని ఎదురు వైపు నుంచి చూపిస్తే కలవబోతున్నట్టు. దొంగను ఎడమకు, షెరీఫ్‌ను కుడికి పరుగెత్తిస్తే? ఎవరు ఎవరిని తరుముతున్నారో దేవుడికే తెలియాలి.

నేనైతే సంగీతం ఆపేసి చూస్తాను. వాయిద్యాల హోరులో దిక్కు తెలియదు.

ఒక హెచ్చరిక. 1936 నాటి ‘ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ నుంచి ఉదాహరణలు పంపకండి. దర్శకుడు మైకేల్ కర్టిజ్, గుర్రాల దాడి ఈసన్‌ది. గుర్రం ముందుకాళ్లకు తీగ కట్టి, రెండో కొసను నేలలో పాతేవారు. తీగ నిడివి అయిపోగానే గుర్రం తలకిందులుగా కూలేది. చాలా గుర్రాలు చచ్చిపోయాయి. అది నేర్చుకోవలసిన పనితనం కాదు.

అభ్యాసం: ఈసన్, ఆటో బ్రోవర్ కలిసి తీసిన 1935 నాటి 12 భాగాల సీరియల్ ‘ది ఫాంటమ్ ఎంపైర్’ మొదటి భాగం చూడండి. గుర్రాలు పరుగెత్తే ప్రతి షాట్‌కూ బాణం గీసి, కెమెరా ఎక్కడుందో పటంలో చుక్క పెట్టండి. తర్వాత ఇద్దరిని సైకిళ్లెక్కించి, ఫోనుతో పన్నెండు షాట్లలో ఒక తరుముడు తీయండి. కనీసం అయిదు క్లోజప్‌లు ఉండాలి, గీత ఒక్కసారే దాటాలి. సంగీతం కలిపితే చూడను.