శబ్దంతో వెలిగిన ఎల్‌ఈడీ

తిరుపతిలో మా అమ్మాయి బడి ప్రదర్శన కోసం శబ్దంతో ఎల్‌ఈడీ వెలిగించాలని కూర్చున్నాం. వంగితే విద్యుత్తు పుట్టించే పీజో బిళ్ల, 27 మిల్లీమీటర్ల వ్యాసమున్నది, తెచ్చాను. నాదస్వరం రికార్డు ఎంత గట్టిగా పెట్టినా వెలుగు రాలేదు.

బిళ్లను చెక్కకు పూర్తిగా అంటించడమే తప్పు. అది వంగితేనే కదా విద్యుత్తు పుట్టేది! 1880లో క్యూరీ సోదరులు గమనించిందీ ఒత్తిడికి స్ఫటికంలో పుట్టే విద్యుదావేశాన్నే. డబ్బా మూతకు గుండ్రని రంధ్రం చేసి, బిళ్ల అంచును మాత్రమే అంటించాను.

అయినా చాలలేదు. 94 డెసిబెళ్ల శబ్దం చదరపు మీటరుకు మోసుకొచ్చేది దాదాపు 2.4 మిల్లీవాట్లే. మా బిళ్ల మీద పడేది ఒకటిన్నర మైక్రోవాట్‌కు లోపే. ఇంత చిన్న శక్తిని నేరుగా వాడలేం, కూడబెట్టాలి. అటూ ఇటూ మారే విద్యుత్తును ఒకే దిశకు తిప్పేందుకు, తక్కువ ఓల్టేజీ మింగే నాలుగు షాట్కీ డయోడ్లతో బ్రిడ్జి కట్టి, దాన్ని దాచుకోవడానికి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాను. మామూలు సిలికాన్ డయోడ్లయితే ఒక్కొక్కటీ 0.6 ఓల్టుల దాకా మింగేస్తుంది.

తర్వాత స్పీకరును బిళ్లకు దగ్గరగా పెట్టి, ఒకే స్వరాన్ని మెల్లగా పెంచుతూ పోయాం. ఒకచోట మల్టీమీటరు అంకె ఒక్కసారిగా ఎగసింది: బిళ్ల సహజ పౌనఃపున్యం, అంటే అది బాగా ఎక్కువగా కంపించే స్వరం, దొరికింది! అక్కడే ఆపి, కెపాసిటర్ 2 ఓల్టులు దాటేవరకు ఆగాం. మీట నొక్కగానే ఎర్రగా ఒక్క మెరుపు.

“నాన్నా, మళ్లీ!” అంది అమ్మాయి.