పాత నడుం నొప్పికి వీఏ డిజెబిలిటీ క్లెయిమ్ ఎలా వేయాలి (వంగమన్నప్పుడు ఎక్కడ ఆగాలి)

అమెరికా మిలిటరీలో చేసి బయటికొచ్చిన మనవాళ్ళు ఇప్పుడు మరీ తక్కువేం లేరు, 2016లో ఆగిపోయేలోపు మావ్నీ ప్రోగ్రాంలో (సిటిజన్లు కానివాళ్ళని ప్రత్యేక నైపుణ్యాల కోసం తీసుకునే పథకం) చేరినవాళ్ళూ ఉన్నారు, ఇక్కడే పుట్టి పెరిగి చేరిన పిల్లలూ ఉన్నారు. ఆ వయసులో లెక్కచేయకుండా మోసిన బరువులన్నీ ఇప్పుడు నడుం దగ్గర లెక్క అడుగుతున్నాయి. నేను మోటార్ పూల్‌లో, అంటే ఆర్మీ బళ్ళ షెడ్డులో, మెకానిక్‌గా చేశా, నా నడుం అక్కడే పోయింది, దానికి నెలనెలా పరిహారం ఇవ్వమని వీఏకి, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖకి, క్లెయిమ్ వేసి మొదటిసారి నా చేతులతో నేనే చెడగొట్టుకున్నా. తర్వాత ఒక వెటరన్స్ సంస్థలో అక్రెడిటేషన్ (క్లెయిముల్లో సాయం చేయడానికి వీఏ ఇచ్చే గుర్తింపు) తీసుకుని ఆరేళ్ళుగా వీకెండ్స్‌లో ఇవే ఫైళ్ళు చూస్తున్నా. ఫారాలు నింపడంలో ఎవరూ పెద్దగా తప్పు చేయరండీ, అందరూ బోర్లాపడేది వీఏ చేయించే మెడికల్ ఎగ్జామ్‌లో, అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడ ఆగుతా.

ముందు ఇంటెంట్ టు ఫైల్, ఈరోజే

పేపర్లన్నీ పోగయ్యాక వేద్దాంలే అని ఏడాది గడిపేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. ఇంటెంట్ టు ఫైల్ అనేది "నేను క్లెయిమ్ వేయబోతున్నా" అని వీఏకి చెప్పడం, అంతే. ఫారం నంబర్ 21-0966, ఫోన్లో చెప్పినా సరిపోతుంది, వీఏ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి క్లెయిమ్ మొదలుపెట్టినా ఆటోమేటిక్‌గా పడిపోతుంది. ఆ రోజు నుంచి మీకు ఏడాది టైమ్. ఆలోపు అసలు క్లెయిమ్ వేసేస్తే, తర్వాత ఎప్పుడు గ్రాంట్ అయినా మామూలుగా ఆ మొదటి తారీఖు నుంచే లెక్క కట్టి పాత బకాయి ఇస్తారు. ఏడాది దాటిందా, ఆ తారీఖు పోయినట్టే. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కదా, వీఏ అసలు పెట్టదు.

ఇంకా సర్వీస్‌లోనే ఉన్నవాళ్ళయితే డిశ్చార్జికి 180 నుంచి 90 రోజుల ముందే వేసుకోవచ్చు. బయటికొచ్చి ఏడాది లోపు వేసినా డిశ్చార్జి మర్నాటి నుంచే లెక్క. మనవాళ్ళు ఎక్కువమంది పదేళ్ళ తర్వాత వస్తారు కాబట్టి ఈ ఆర్టికల్ వాళ్ళకోసం.

ఇంకో మాట. మొదటి క్లెయిమ్‌కి ఎవరికీ రూపాయి, సారీ, డాలర్ ఇవ్వకండి. మొదటి డిసిషన్ వచ్చేదాకా ఫీజు తీసుకోవడానికి అక్రెడిటెడ్ లాయర్‌కి కూడా రూల్ ఒప్పుకోదు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి వెటరన్స్ సంస్థల వాళ్ళు ఫ్రీగా చేస్తారు, మీ తరఫున వాళ్ళని పెట్టుకునే 21-22 ఫారం మీద సంతకం పెడితే చాలు. "పెరిగిన బెనిఫిట్‌లో ఆరు నెలలది మాకివ్వండి" అని తిరిగే కన్సల్టెంట్ల దగ్గర ఇరుక్కున్న ఒకాయన నా దగ్గరికొచ్చాడు, ఆయనకి వాళ్ళు చేసిందల్లా ఆయనే చెప్పిన మాటల్ని టైప్ చేసి ఇవ్వడం.

పేపర్లు

డీడీ 214 (డిశ్చార్జి సర్టిఫికెట్), సర్వీస్ మెడికల్ రికార్డులు, బయట డాక్టర్ల రికార్డులు, ఎక్స్‌రే, ఎమ్మారై ఏమన్నా ఉంటే అవి. సర్వీస్ రికార్డులు వీఏనే తెప్పించుకుంటుంది, అయినా మీ కాపీ మీ చేతిలో లేకుండా క్లెయిమ్ వేయొద్దు, ఇది నా రూల్. మొత్తం ఫైల్ కూర్చుని చదవండి, పేజీ పేజీ. సిక్ కాల్‌కి (ఆర్మీ క్లినిక్‌లో చూపించుకోవడానికి) వెళ్ళిన స్లిప్పు, ఫలానా పనులు చేయొద్దని ప్రొఫైల్ ఇచ్చిన కాగితం, "లో బ్యాక్ పెయిన్, ఐబుప్రొఫెన్ 800" అని రాసిన ఒక్క లైన్ చాలు. (దేనికైనా అదే మాత్ర ఇచ్చేవాళ్ళు, మేం రేంజర్ క్యాండీ అనేవాళ్ళం, నోటినిండా అదే.) నాకు దొరికింది ఒకే ఒక్క స్లిప్పు, రెండు రోజులు బరువులెత్తొద్దని. ఆ సగం పేజీ మీదే నా క్లెయిమ్ అంతా నిలబడింది.

పాతకాలం వాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డ్స్ సెంటర్‌లో మంటలు లేచి 1960కి ముందు డిశ్చార్జి అయిన ఆర్మీ వాళ్ళ ఫైళ్ళు చాలావరకు కాలిపోయాయి. మనవాళ్ళకి ఆ బాధ లేదు గానీ సిక్ కాల్‌కే వెళ్ళనివాళ్ళ పరిస్థితీ ఇంచుమించు అంతే, కాగితం ఉండదు. అప్పుడు పక్కనున్న సోల్జర్ రాసే స్టేట్‌మెంటే దిక్కు, 21-10210 ఫారం మీద.

మూడు ముక్కలు

వీఏకి మూడే కావాలి. ఇప్పుడు జబ్బు ఉందా, అప్పుడు సర్వీస్‌లో ఏదో జరిగిందా, ఆ రెంటికీ ముడి ఉందా. మూడోదాన్ని నెక్సస్ అంటారు. డాక్టర్ చేత రాయిస్తే "యాట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్" అన్న మాట అందులో ఉండాలి, అంటే సగానికి సగం అవకాశం ఉందని అర్థం. అంతకన్నా గట్టిగా చెప్పక్కర్లేదు, సాక్ష్యం అటూ ఇటూ సమానంగా తూగితే వెటరన్ వైపే తేల్చాలని చట్టంలోనే ఉంది. కానీ డాక్టర్ ఎందుకు అలా అనుకుంటున్నారో కారణం రాయాలి, రికార్డులు చూశానని రాయాలి. కారణం లేని రెండు లైన్ల లెటర్ దండగ.

డిశ్చార్జి తర్వాత పదేళ్ళు డాక్టర్ దగ్గరికే వెళ్ళలేదనుకోండి, ఆ ఖాళీని మీ స్టేట్‌మెంటూ ఇంట్లోవాళ్ళ స్టేట్‌మెంటూ పూడ్చాలి. "నా భర్తకి నడుం నొప్పి ఎక్కువ, దయచేసి సాయం చేయండి" అని రాస్తారు, అది దరఖాస్తు, సాక్ష్యం కాదు. మా ఆవిడ రాసింది ఇలా ఉంటుంది: పెళ్ళయిన మొదటి ఏడాది నుంచీ చూస్తున్నా, నెలకి రెండుసార్లన్నా నడుం పట్టేస్తుంది, ఆ రోజుల్లో సాక్సులు నేనే తొడుగుతా, బాబుని ఉయ్యాల్లోంచి ఎత్తడం ఆయన వాడి మూడో నెల నుంచే మానేశారు. చూసింది చూసినట్టు, ఎప్పటి నుంచో, ఎన్నిసార్లో. అంతే.

అసలు క్లెయిమ్ ఫారం 21-526ఈజెడ్, ఆన్‌లైన్‌లోనే వేయండి. పేపర్ మీద వేసి పోస్టులో పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎందుకో నాకు తెలీదు. జబ్బు పేరు దగ్గర గొప్పగా మెడికల్ పేర్లు రాయొద్దు, "లోయర్ బ్యాక్ కండిషన్" అని రాసి, కాలు కూడా లాగుతుంటే అది వేరే లైన్‌లో రాయండి.

ఎగ్జామ్: అసలు కథ ఇక్కడే

క్లెయిమ్ వేశాక సీ అండ్ పీ (కాంపెన్సేషన్ అండ్ పెన్షన్) ఎగ్జామ్‌కి పిలుస్తారు, ఎక్కువగా కాంట్రాక్ట్ కంపెనీ వాళ్ళ క్లినిక్‌లో. ఇది ట్రీట్‌మెంట్ కాదు, మీకు మందులివ్వరు, కొలతలు తీసుకుని ఫారం నింపి పంపుతారు. మిస్ చేయొద్దు, టైమ్ కుదరకపోతే ముందే ఫోన్ చేసి మార్పించుకోండి, వెళ్ళకపోతే ఫైల్లో ఉన్నదాన్ని బట్టే తేల్చేస్తారు.

నెలకి ఎంత డబ్బొస్తుందో తేల్చేది డిజెబిలిటీ పర్సెంటేజీ, నడుంకి అది ఎక్కువగా మీరు ఎంత వంగగలరు అన్నదాని మీదే ఇస్తారు. ముందుకి మామూలు మనిషి 90 డిగ్రీలు వంగుతాడని లెక్క. 60 దాటి 85కి మించకుండా ఆగిపోతే 10 శాతం. 30 దాటి 60కి మించకపోతే 20. 30 దాటి వంగలేకపోతే 40. వెన్ను పూర్తిగా బిగుసుకుపోయినవాళ్ళకే ఆ పైన, డిస్కు సమస్య ఉండి డాక్టర్ రాసిన బెడ్ రెస్ట్ వారాల లెక్క ఉంటే అది వేరే దారి. పక్కలకి వంగడం, తిరగడం కూడా కొలుస్తారు గానీ ఆట అంతా ఆ ముందుకి వంగడంలోనే.

ఇప్పుడు నా సంగతి చెప్తా. ఎగ్జామినర్ చాలా మర్యాదస్తురాలు. లోపలికి వెళ్ళగానే "హౌ ఆర్ యూ" అంది, నేను "గుడ్, గుడ్" అన్నా. నడుం ఎలా ఉందంటే "మేనేజ్ చేస్తున్నా" అన్నా. గోనియోమీటర్ అని రెండు పుల్లల స్కేలు ఉంటుంది, అది నా తుంటి దగ్గర పెట్టి వంగమంది. అది చల్లగా తగిలింది, నేను పీటీ టెస్ట్‌లో (ఆర్మీ ఫిట్‌నెస్ పరీక్ష) సార్జెంట్ ముందు నిలబడ్డట్టు పళ్ళు బిగబట్టి కాలివేళ్ళ దాకా వంగా. నిజంగా, చూపించుకుందామని వంగా! లేచేటప్పుడు నడుం కలుక్కుమంది, అయినా నవ్వా. ఆవిడ 85 అని రాసుకుంది, నొప్పి గురించి నేనేమీ అనలేదు కాబట్టి ఆవిడా ఏమీ రాయలేదు. పార్కింగ్‌లో కార్లో కూర్చోవడానికి పది నిమిషాలు పట్టింది, అది ఏ ఫారంలోనూ లేదు. పది శాతం వచ్చింది. తప్పు ఆవిడది కాదు, నాది.

మన దగ్గర ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నా అంటాం, అది పలకరింపు. దాని మీద ఆర్మీ నేర్పిన "సక్ ఇట్ అప్", అంటే నోరు మూసుకుని ఓర్చుకో, ఒకటి. ఈ రెండూ కలిసిన మనిషి ఎగ్జామ్ రూంలో నోరు తెరిస్తే తన క్లెయిమ్ తనే కొట్టేసుకుంటాడు. అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి.

వంగమన్నప్పుడు నెమ్మదిగా వంగండి. నొప్పి మొదలైన చోట నోటితో చెప్పండి, "ఇక్కడ మొదలైంది" అని, మొహం చూసి వాళ్ళే కనిపెడతారనుకోవద్దు. ఆ తర్వాత ఇంట్లో అయితే ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఆగండి. బలవంతంగా ఇంకో పది డిగ్రీలు వంగితే ఆ పది డిగ్రీలూ మీ ఖాతాలోనే పడతాయి. మూడుసార్లు వంగి లేవమంటారు, మూడోసారికి తగ్గితే ఆ తగ్గిన సంగతి కూడా చెప్పండి.

అలాగని నటించొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. టేబుల్ మీద పడుకున్నప్పుడు కాలు ఎత్తనిచ్చి నిలబడ్డప్పుడు ఇరవై డిగ్రీలకే అబ్బా అనడం, వెయిటింగ్ రూంలో వంగి షూ లేసులు కట్టుకుని లోపల వంగలేననడం, వాళ్ళు ఇవన్నీ చూస్తారు, రాస్తారు, ఒకసారి "ఇన్‌కన్సిస్టెంట్" అన్న మాట ఫైల్లో పడితే నిజం చెప్పినా నమ్మరు. నిన్న కొన్న కొత్త బెల్టు పెట్టుకుని వెళ్ళొద్దు, రోజూ పెట్టుకునేదే పెట్టుకోండి. రోజూ వేసుకునే మాత్ర వేసుకోండి, వేసుకున్నానని చెప్పండి.

తర్వాత ఫ్లేరప్స్. అంటే పట్టేసే రోజులు. ఎగ్జామ్ రోజు మీ నడుం బాగుండొచ్చు, అది మీ తప్పు కాదు, కానీ బాగాలేని రోజు ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత ఎగ్జామినర్ మీద ఉంది, 2017లో షార్ప్ వర్సెస్ షుల్కిన్ కేసులో వెటరన్స్ కోర్టు అదే చెప్పింది. వాళ్ళు అడక్కపోతే మీరే చెప్పండి. నాలుగు విషయాలు: నెలకి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని రోజులు, దేనివల్ల వస్తుంది, వచ్చినప్పుడు ఏం చేయలేరు. నాలుగోది ముఖ్యం. "చాలా నొప్పి, పదికి పది" అనడం వల్ల ఏమీ రాదు, ప్రతివాడూ పదికి పదే అంటాడు. "ఆ రోజు నా చేతులు మోకాళ్ళ పైదాకే వెళ్తాయి, టాయిలెట్ మీంచి లేవడానికి సింకు పట్టుకుంటా" అంటే ఆవిడ దాన్ని డిగ్రీల్లోకి మార్చుకోగలదు.

మన నొప్పికి తెలుగులో ఎన్ని మాటలో చూడండి, పట్టేసింది, సలుపుతోంది, కలుక్కుమంది, కాల్లోకి జివ్వుమంది. ఇంగ్లీషులోకొచ్చేసరికి అన్నీ కలిపి "బ్యాక్ పెయిన్" అనేస్తాం. జివ్వుమని పిక్క దాకా వెళ్ళేది వేరే జబ్బు, రాడిక్యులోపతీ, అంటే నరం నొక్కుకుని వచ్చేది, దానికి వేరే రేటింగ్, తక్కువలో తక్కువ 10 శాతం, ఏ కాలికి ఆ కాలికి. కాబట్టి వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకుని, ఒక్కోటీ ఒంట్లో ఎక్కడ, ఎంతసేపు అని పక్కన ఇంగ్లీషులో రాసుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద. చూసి చదవడానికి సిగ్గుపడొద్దు.

బయటికొచ్చాక అదే రోజు రాసుకోండి: ఎంతసేపు చూశారు, స్కేలు వాడారా లేక కంటిచూపుతో కానిచ్చేశారా, ఫ్లేరప్స్ అడిగారా. స్కేలుతో కొలవకపోతే ఆ విషయం స్టేట్‌మెంట్ రాసి వెంటనే అప్‌లోడ్ చేయండి, డిసిషన్ వచ్చాక కాదు.

లెటర్ వచ్చాక

శాతం చూసి సంబరపడడమో ఏడవడమో కాదు, కారణాలు చదవండి, ఎన్ని డిగ్రీలని రాశారో చూడండి. నచ్చకపోతే ఏడాది లోపు మూడు దారులు: కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, ఉన్న సాక్ష్యాన్నే తప్పుగా చదివారనుకుంటే హయ్యర్ లెవెల్ రివ్యూ, లేదా వెటరన్స్ అప్పీళ్ళ బోర్డుకి అప్పీల్. ఏడాది లోపు వెళ్తే పాత తారీఖు నిలుస్తుంది. కొంతమంది అన్నిటికీ రివ్యూనే వేస్తారు, రివ్యూలో కొత్త కాగితం తీసుకోరన్న సంగతి తెలీక.

నేను సప్లిమెంటల్ వేశా. ఈసారి నా డాక్టర్ చేత వీఏ వాళ్ళ బ్యాక్ ఫారమే, డీబీక్యూ అంటారు, స్కేలు పెట్టి కొలిపించి నింపించా, 55 వచ్చింది. మా ఆవిడ స్టేట్‌మెంట్ జతచేశా, ఎడమ కాలు వేరే లైన్‌లో అడిగా. నడుంకి 20, కాలికి 10. వీఏ లెక్కలో ఇరవై, పది కలిస్తే ముప్పై కాదు 28 అవుతుంది, దాన్ని మళ్ళీ దగ్గరి పదికి 30 చేస్తారు. 2025 రేట్లలో 10 శాతానికి నెలకి 175.51 డాలర్లు, 30కి ఒక్కడికే 537.42, పైగా 30 నుంచే భార్యాపిల్లలకి అదనంగా ఇస్తారు, కాకపోతే వాళ్ళ పేర్లు మీరు కలపాలి, వాళ్ళంతట వాళ్ళు కలపరు. నేను నాలుగు నెలలు ఆలస్యంగా కలిపా.